ముసలి ఈగ సీసా గోడ ఎందుకు ఎక్కలేదు?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ తార్నాక ఎండలో, ఈగల గురించి, అవి వణుకుడు జబ్బు (పార్కిన్సన్స్) గురించి నేర్పిన పాఠాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. ముందే చెప్తున్నా, ఇది బిర్యానీ మీద వాలే ఈగ కాదు. బాగా మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రకళ్ల ఈగ, పేరు డ్రోసోఫిలా. ఇక్కడికి దగ్గర్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కూడా దీని మీద పనిచేసినవాళ్లున్నారు. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్ కలిపి ఉడికించిన మేత వేసి సీసాల్లో పెంచుతారు. 25 డిగ్రీలు దీనికి హాయి, 30కి చేరితే మగ ఈగలకు పిల్లలు పుట్టవు. మే నెలలో కరెంటు పోతే రీసెర్చ్ పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి!

సరే, దీనికీ వణుకుడు జబ్బుకీ ఏం సంబంధం?

పార్కిన్సన్స్‌తో వచ్చే చిక్కేమిటంటే, చెయ్యి వణుకుతోందని మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తేసరికే మెదడులో కదలికలను అదుపు చేసే రసాయనం డోపమైన్, దాన్ని తయారుచేసే కణాలు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. అవి చావడం ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో మనిషిలో చూడాలంటే దశాబ్దాలు కాచుకోవాలి. ఈగ గుడ్డు పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది, రెండు మూడు నెలల్లో దాని జీవితమే అయిపోతుంది. దాని మెదడు గసగసాల గింజంత, అయినా మనుషుల జబ్బులతో ముడిపడిన జీన్స్‌లో దాదాపు 75 శాతానికి ఈగలో సాటి జీన్ ఉంది.

ఈగకు జబ్బుందని ఎలా తెలుస్తుంది అంటారా? సీసాను బల్ల మీద టక్కున కొడతారు. ఈగలన్నీ అడుగున పడి, వెంటనే గోడ పట్టుకుని పైకి ఎగబాకుతాయి, అది వాటి స్వభావం. ముసలివైతే నెమ్మదిస్తాయి. 2000లో మెల్ ఫీనీ, వెల్‌కమ్ బెండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పార్కిన్సన్స్‌తో ముడిపడిన ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే మనిషి జీన్‌ను ఈగలో పెడితే డోపమైన్ కణాలు పోయాయి, మామూలు ఈగలకన్నా ముందే ఎక్కడం చేతగాకుండా పోయింది.

నాకు మాత్రం అంతకన్నా ఇష్టమైన కథ ఇంకోటుంది. చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వచ్చిన కుటుంబాల్లో 1998లో పార్కిన్ అనే జీన్, 2004లో పింక్1 అనే జీన్ దొరికాయి. ఈ రెంటికీ సంబంధం ఉందా? మనుషుల్ని చూసి తేల్చలేం. 2006లో ఈగల మీద పనిచేసే బృందాలు పింక్1 తీసేసి చూస్తే రెక్కలు వాలిపోయాయి, ఎగిరే కండరాల్లో మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగం, పాడైపోయింది. అచ్చం పార్కిన్ లేని ఈగల్లాగే. అప్పుడు తెలివైన పని చేశారు: పింక్1 లేని ఈగకు పార్కిన్ ఎక్కువ ఇచ్చారు, కోలుకుంది. పార్కిన్ లేని ఈగకు పింక్1 ఎక్కువ ఇచ్చారు, లాభం లేదు. అంటే రెండూ ఒకే దారిలో ఉన్నాయి, ముందు పింక్1 పనిచేస్తుంది, దాని తర్వాత పార్కిన్. తర్వాత మన కణాల్లో చూస్తే, పాడైన మైటోకాండ్రియాను గుర్తుపట్టి తీసేసే పని ఈ జంటదని బయటపడింది. కండరం నుంచి మెదడు జబ్బు గుట్టు తెలుస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి?

ఈగతో అన్నీ తేలిపోతాయని మాత్రం నేననను. ఆ ఆల్ఫా సిన్యూక్లిన్ అసలు ఈగలో లేదు, మనం బయటినుంచి పెట్టిందే. మనకు మందుగా ఇచ్చే లెవోడోపా పెడితే ఆ ఈగలు మళ్లీ బాగా ఎక్కాయి, కానీ ఈగలో పనిచేసిన కొత్త మందు ఎలుకలో, ఆ తర్వాత మనిషిలో ఆగిపోవడం మామూలే. అందుకే "ఈగల్లో పార్కిన్సన్స్ నయం" అని వాట్సాప్‌లో వచ్చిందనుకోండి, అది ఏ జీన్ పాడుచేసిన ఈగో, ఎక్కడం బాగుపడిందా, కణాలు నిజంగా బతికాయా అని అడగండి. ఇంట్లో నాన్నగారు వేసుకునే మాత్రలు మాత్రం అది చూసి ఆపేయకండి.