ఆయాసానికి కొలత రోగి మాటే

సభకు నమస్కారం. ఈ రోజు వచ్చినవారిలో నయం కాని జబ్బుతో ఉన్నవారిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండే కుటుంబసభ్యులు, నర్సులు, ఆశా కార్యకర్తలే ఎక్కువ కనుక, మందుల పేర్ల కన్నా మంచం పక్కన జరిగే విషయాలే ఎక్కువ చెబుతాను.

కోవిడ్ తరువాత మన ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్ థర్మామీటరంత మామూలు వస్తువైంది. ఊపిరితిత్తుల క్యాన్సరో, ముదిరిన సి.ఓ.పి.డి.యో (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు), గుండె వైఫల్యమో ఉన్న పెద్దాయన ‘ఊపిరి అందడం లేదు’ అనగానే వేలికి దాన్ని తగిలించి, 96 కనిపిస్తే ‘బాగానే ఉంది కదా నాన్నా, ఎందుకు కంగారు పడతావు’ అంటారు. ఆ పరికరం చెప్పేది రక్తంలోని ఆక్సిజన్ సంగతి మాత్రమే. శరీరం అడుగుతున్నంత గాలిని ఛాతీ అందించలేకపోతోందని మెదడు పసిగట్టినప్పుడు పుట్టే బాధ ఆయాసం. అందుకే 96 దగ్గర ఉక్కిరిబిక్కిరయ్యేవారూ, 86 దగ్గర నిదానంగా పేపరు చదువుకునేవారూ ఉంటారు. సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో రోగినే అడిగి, ఆయన చెప్పిన అంకెను నమ్మండి.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం, రక్తహీనత, ఇన్‌ఫెక్షన్ వంటి సరిచేయగల కారణాలను డాక్టరు చూసుకుంటారు. నేను చెప్పేది ఆ తరువాత కూడా మిగిలే ఆయాసం గురించి.

ఆయాసం వల్ల భయం, భయం వల్ల మరింత ఆయాసం. భయపడిన మనిషి వేగంగా, పైపైన ఊపిరి తీస్తాడు, సి.ఓ.పి.డి. ఉన్నవారిలోనైతే గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ లోపలికి లాగడం వల్ల పాత గాలి లోపలే చిక్కుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే మన ఇళ్లలో పదిమంది మంచం చుట్టూ మూగుతారు, ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు అమెరికాలోని అబ్బాయికి వీడియో కాల్ చేస్తారు, చలిగాలి తగులుతుందని ఎవరో కిటికీ మూసేస్తారు. దయచేసి ఆ కిటికీ తెరవండి. ఇద్దరు తప్ప మిగతావారు వసారాలో కూర్చోండి. రోగిని కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు పెట్టి, దాని మీద చేతులు ఆనించి ముందుకు వాలనివ్వండి. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ గాలి ముక్కుకు, పై పెదవికి, బుగ్గలకు తగలనివ్వండి. కరెంటు లేకపోతే తాటాకు విసనకర్ర ఉండనే ఉంది. ముఖానికి తగిలే చల్లగాలి అక్కడి స్పర్శను మెదడుకు చేరవేసే ట్రైజెమినల్ నాడి ద్వారా ఆయాసం తీవ్రతను తగ్గిస్తుందని భావిస్తున్నారు.

విసనకర్రను చూసి నవ్వేవారికి ఒక మాట. రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోని 239 మంది రోగులలో కొందరికి ఆక్సిజన్‌ను, కొందరికి మామూలు గాలిని ముక్కు గొట్టం ద్వారా వారం రోజులు ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆక్సిజన్ వల్ల అదనపు ప్రయోజనం కనబడలేదు. ఆక్సీమీటర్‌లో అంకె బాగానే ఉన్నవారికి సిలిండరు అద్దెకు తెచ్చేముందు ఈ విషయం గుర్తుంచుకోండి.

ఇక మార్ఫిన్, అంటే తీవ్రమైన నొప్పికి ఇచ్చే, ఆయాసానికీ వాడే నల్లమందు జాతి మందు. ఆ పేరు వినగానే ‘ఇక ఆశ లేదా, డాక్టరుగారూ?’ అని అడుగుతారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, డాక్టరు పర్యవేక్షణలో వాడే మార్ఫిన్ ప్రాణం తీసే మందు కాదు; మలబద్ధకానికి మాత్రం మొదటి రోజు నుంచే విరేచనపు మందు కలపాలి. అందరికీ పనిచేస్తుందనీ చెప్పను: సి.ఓ.పి.డి. రోగులలో ఇటీవలి ట్రయల్స్ ఫలితాలు ఆశించినంత బాగా రాలేదు. చివరి రోజుల్లో, ఇంకేదీ ఊరట ఇవ్వనప్పుడు దాని అవసరం ఎక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక ఆసుపత్రులు దాన్ని తెప్పించుకునే నిబంధనలు కొంత సులువయ్యాయి.

ఆఖరి ఘడియల్లో గొంతులో వినిపించే గురగుర శబ్దం, స్పృహ తప్పిన రోగి కన్నా వినేవారినే ఎక్కువ బాధిస్తుంది. ఒక పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెడితే చాలాసార్లు తగ్గుతుంది. అప్పుడే తులసి తీర్థం చెంచాతో నోట్లో పోస్తారు. మింగే శక్తి పోయిన మనిషికి ఆ చెంచాడు నీరు శ్వాసనాళంలోకి దిగవచ్చు. తీర్థం మానమని నేను అనను. దూదిని అందులో ముంచి, బాగా పిండి, పెదవులు తడపండి; మనవడి చేతనైనా ఆ పని చేయించవచ్చు.