పెద్దవాళ్ల నిమోనియా టీకా, మధ్యలో చేప మందు

మాధవి: రికార్డవుతోందా? సరే. ఈ వారం పెద్దవాళ్లకు వేసే నిమోనియా టీకా. పదిహేను నిమిషాల్లో ముగిద్దామని శ్రీకాంత్ అన్నాడు.

శ్రీకాంత్: మైసూర్ బజ్జీ ఎపిసోడ్‌కీ అదే అన్నాను.

మాధవి: దాని పేరెత్తకు, మళ్లీ మెసేజ్‌లు మొదలవుతాయి. నిమోనియా తెచ్చే ఈ న్యుమోకాకస్ బాక్టీరియా చాలామంది ముక్కులో, గొంతులో ఊరికే పడి ఉంటుంది. ఫ్లూ వచ్చి మనిషి నీరసించాడంటే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఒక్కోసారి రక్తంలోకి, మెదడు పొరల్లోకి కూడా పోతుంది. 65 దాటినవాళ్లు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు... వీళ్లకు ముప్పు ఎక్కువ. అమెరికాలోనైతే 2024లో టీకా వయసును 65 నుంచి 50కి దించారు.

శ్రీకాంత్: మా బాపుకు 68, షుగరుంది. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ ఈ టీకా ఊసెత్తలేదు.

మాధవి: ఎందుకెత్తుతారు? పిల్లలకున్నట్టు పెద్దవాళ్లకు టీకా కార్డు లేదుగా.

శ్రీకాంత్: మొదలైంది. కార్డు మాటెత్తినప్పుడల్లా పది రూపాయలన్నాం, డబ్బాలో వెయ్యి.

మాధవి: వేస్తాలే. పిల్లలకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఇదే జబ్బుకి ప్రభుత్వమే ఉచితంగా టీకా వేస్తోంది. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి 2021లో దేశమంతా తెచ్చారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పాపను తీసుకురమ్మని చెప్తుంది. ఆ పాప అమ్మమ్మకు ఎవరు చెప్తారు?

శ్రీకాంత్: మా పెద్దనాన్నకైతే ఎవరూ చెప్పక్కరలేదు. మృగశిర కార్తె వచ్చిందా, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ క్యూలో ఉంటాడు.

మాధవి: చేప మందుకా?

శ్రీకాంత్: ఆస్తమా కదా.

మాధవి: ఆస్తమా ఉంది కాబట్టే టీకా వేయించాలి! బతికున్న కొర్రమీను పిల్లను మింగిస్తారా ఎవరైనా?

శ్రీకాంత్: ఆయనే మింగుతాడు, మేం మింగించేదేముంది? చేప తిననివాళ్లకు బెల్లంతో ఇస్తారు. ఇన్‌హేలర్ కూడా మానలేదాయన.

మాధవి: జన విజ్ఞాన వేదిక వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు, దాంతో ఆస్తమా తగ్గుతుందనడానికి రుజువేదని.

శ్రీకాంత్: రుజువు లేదు. నేనెప్పుడన్నాను ఉందని? నువ్వు ఆ ఏర్పాట్లు చూడు. మత్స్యశాఖ చేప పిల్లల్ని అమ్ముతుంది, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, ఎవరెవరో వచ్చి అన్నం పెడతారు, నీళ్లిస్తారు. ఉత్తరాది నుంచి రైలెక్కి వస్తారు జనం. తేదీ తెలియనివాడు లేడు.

మాధవి: తోపులాట సంగతి కూడా తెలియనివాడు లేడు. దగ్గు తుంపర్లతో అంటుకునే జబ్బు గురించి మాట్లాడుతున్నాం మనం. ఆయాసం మనిషి ఆ గుంపులో గంటలకొద్దీ నిలబడతాడా!

శ్రీకాంత్: అందుకే కదా కరోనాకి మూడేళ్లు ఆపారు. 2023లో మళ్లీ పెడుతున్నారంటే పెద్దనాన్న కొత్త జుబ్బా కుట్టించుకున్నాడు.

మాధవి: ఆ మూడేళ్లూ చేప లేదు. ఆస్తమా ఎలా ఉంది మరి?

శ్రీకాంత్: ఎప్పటిలాగే ఉంది.

మాధవి: (నవ్వు) చూశావా!

శ్రీకాంత్: నవ్వకు మాధవీ. ఆయన్ని ఏటా పెద్దమ్మే తీసుకెళ్లేది. ఇప్పుడు ఒక్కడే పోతున్నాడు. మానెయ్యమని నేనెలా చెప్పను?

మాధవి: ...సరే. చెప్పకు. పోనివ్వు. టీకా కూడా వేయించు, అంతే.

శ్రీకాంత్: తేదీ చెప్తే అక్కడికీ వస్తాడు.

మాధవి: ఆ తేదీ ఎక్కడ రాసుకోవాలి? కార్డు మీద.

శ్రీకాంత్: ఇరవై రూపాయలైంది. టీకాల రకాలు తొందరగా చెప్పెయ్, టైమ్ లేదు.

మాధవి: ఈ బాక్టీరియాలో వందకు పైగా రకాలున్నాయి. 13, 15, 20, 21 రకాలను ఆపేవి కాంజుగేట్ టీకాలు. 23 రకాలది పాతది, 1983 నాటిది. అంకె పెద్దదని దాని వెంట పడొద్దు, కొన్నేళ్లకు దాని బలం తగ్గిపోతుంది. కాంజుగేట్‌లో బాక్టీరియా పైపొరలోని చక్కెరను ఒక ప్రొటీన్‌కి జత చేస్తారు, అందుకే శరీరం దాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. 20దో 21దో వేయించుకుంటే మామూలుగా ఒక్కసారితో సరి. 15ది అయితే ఏడాది తర్వాత 23ది కూడా. ఫ్లూ టీకాలాగా ఏటా అక్కర్లేదు. ఎవరికి ఏదన్నది డాక్టరును అడగండి.

శ్రీకాంత్: పనిచేస్తుందనడానికి రుజువేది? చేప మందును అడిగావుగా.

మాధవి: అడుగు, అడగాల్సిందే. నెదర్లాండ్స్‌లో 65 దాటిన దాదాపు 85 వేల మందితో 13 రకాలదాన్ని పరీక్షించారు, సగం మందికి ఉత్తుత్తి సూది. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. టీకాలో ఉన్న రకాలతో వచ్చే నిమోనియా 45 శాతం తగ్గింది. రక్తంలోకి పాకే తీవ్రమైన జబ్బయితే 75 శాతం.

శ్రీకాంత్: 45 ఏనా?

మాధవి: ఇంటర్ ఫిజిక్స్‌లో నీకెన్ని?

శ్రీకాంత్: అది కట్ చెయ్.

మాధవి: చెయ్యను. అన్ని నిమోనియాలూ దీంతో ఆగవు, ఎన్నో క్రిములతో వస్తుందది. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు కాస్త జ్వరం ఉండొచ్చు. ధర బయట వేలల్లో ఉంటుంది, అదీ నా బాధ. మన హైదరాబాద్ టీకాల కంపెనీ బయొలాజికల్ ఇ వాళ్ల 14 రకాల టీకాకి 2022లో అనుమతొచ్చింది. అదీ పసిపిల్లలకే. వాళ్లకు కార్డు ఉంది కదా...

శ్రీకాంత్: ముప్ఫై రూపాయలు. బాపుని ఈ వారమే డాక్టరుకి చూపిస్తాను. పెద్దనాన్నతోనే కష్టం, సూదంటే భయం.

మాధవి: బతికున్న చేపను మింగే మనిషికా?

శ్రీకాంత్: అది వేరు.

మాధవి: ఎలా వేరు?

శ్రీకాంత్: పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలైంది, వినబడుతోందా? ఏమీ రికార్డవదిక. ఆపేస్తున్నా.

మాధవి: ఎలా వేరో చెప్పి ఆపు...