నీళ్ల ప్రశ్న సభలో ఎక్కడ ఆగింది?

(రాజ్యాంగ దినోత్సవం నాడు నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, మధ్యాహ్నం క్లాసు వదులుకొని వచ్చిన విద్యార్థులకు నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

శాసనసభ నిర్మాణం, పనితీరు గురించి చెప్పమన్నారు. నిర్మాణం మీ పుస్తకాల్లో ఉన్నదే కాబట్టి తొందరగా ముగిస్తాను. తెలంగాణకు రెండు సభలు. శాసనసభలో 119 మంది, మండలిలో 40 మంది. మండలిలో 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. పట్టభద్రుల నుంచి ముగ్గురు, ఉపాధ్యాయుల నుంచి ముగ్గురు వస్తారు. మిగతా ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో మండలి 1958లో వచ్చింది, 1985లో పోయింది, 2007లో మళ్లీ వచ్చింది. ద్రవ్య బిల్లును అది 14 రోజులకు మించి ఆపలేదు. అసలు బలం శాసనసభదే.

ఆ సభ చేసే పనులు మూడు. చట్టాలు చేయాలి, ఖజానాలోంచి తీసే ప్రతి రూపాయికీ అనుమతి ఇవ్వాలి, ప్రభుత్వాన్ని అడగాలి. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదాన్ని మనం మరిచిపోయాం. ఇవాళ నేను వచ్చింది దాని కోసమే.

మా ఊరు మునుగోడు వైపు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా బడిలో పిల్లలు నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. పళ్ల మీద గోధుమరంగు చారలు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నలభై ఏళ్లు నిండకుండానే నడుములు వంగిపోయిన మనుషుల గురించి మీ తాతలను, అమ్మమ్మలను అడగండి, పేర్లతో సహా చెబుతారు.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో ఒకసారి ఈ నీళ్ల మీద ఒక సభ్యుడు నక్షత్ర గుర్తు ప్రశ్న వేశారు. నక్షత్ర గుర్తు ఉంటే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. ప్రాణమంతా ఆ అనుబంధ ప్రశ్నల్లోనే ఉంటుంది. రాసుకొచ్చిన జవాబు ఎవరైనా చదువుతారు, దాని మీద అడిగినప్పుడే పని జరిగిందా లేదా బయటపడుతుంది.

మేం కొంతమందిమి పాసులు తీసుకొని గ్యాలరీలో కూర్చున్నాం. మా ప్రశ్న జాబితాలో కిందికి ఉంది. సభ మొదలైన కాసేపటికే ఇంకేదో విషయం మీద గొడవ. కొందరు పోడియం దగ్గరికి వెళ్లారు, కొందరు బల్లలు చరిచారు. వాయిదా పడింది, మళ్లీ కూడింది. ప్రశ్నోత్తరాల గంట అయిపోయింది. మిగిలిన ప్రశ్నలకు సమాధానాలు సభ ముందు ఉంచినట్లు భావించాలన్నారు. మా ప్రశ్న అక్కడ ఆగింది.

ఆ జవాబు కాగితం తర్వాత నా చేతికి వచ్చింది. (అ) అవునండి. (ఆ) ప్రతిపాదనలు ప్రభుత్వ పరిశీలనలో ఉన్నవి. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. అంతే. ఎన్నాళ్ల నుంచి పరిశీలనలో ఉన్నవి? ఎవరి దగ్గర ఉన్నవి? ఏ ఊరికి ముందు, ఏ ఊరికి వెనక? ఇవి అడిగే అవకాశమే లేకుండా పోయింది. ఆ రోజు గొడవ చేసినవాళ్లలో మా జిల్లా వాళ్లూ ఉన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

సభలో అడగని ప్రశ్న ఎక్కడికి పోతుందో తెలుసా? 1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తు చేస్తాను. అది పార్లమెంటు ఎన్నిక, నాకిచ్చిన అంశం కాదు, అయినా నల్లగొండలో మాట్లాడుతూ దాన్ని వదిలేయలేను. జల సాధన సమితి ఉద్యమంలో భాగంగా జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పేపర్ ఒక పుస్తకం అయింది. నేను పోలింగ్ డ్యూటీలో ఉన్నాను. కర్ర పట్టుకొని వచ్చిన ఒక ముసలమ్మ ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "సారూ, మావోనిది ఏ పేజీల ఉన్నదే?" అని అడిగింది. నేను చెప్పకూడదు కదా. ఆమె తడి చేసుకున్న వేలితో ఒక్కో పేజీ తిప్పుతూ ఉంటే బయట క్యూ పెరిగిపోయింది. ఒక్కరు కూడా తొందర పెట్టలేదు.

దేశం మొత్తం నల్లగొండ వైపు చూసింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. ఆ తర్వాత చట్టం మారింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు, అసెంబ్లీది 250 నుంచి 5,000కు పెరిగింది. ఎన్నిక సజావుగా జరగాలన్నారు, కాదనను. కానీ డిపాజిట్ పెంచినంత వేగంగా మా ఊళ్లకు నీళ్లు రాలేదు. మిషన్ భగీరథ పైలాన్‌కు చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగేసరికి 2015 వచ్చింది. ఈ మధ్యలో పుట్టి పెరిగిన పిల్లల ఎముకలకు ఎవరు జవాబు చెబుతారు?

మళ్లీ అంశానికి వస్తాను. ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు, నేనూ చూశాను. ఇంకొంచెం ఓపిక పట్టండి.

రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. అంతవరకే చెప్పింది. ఏడాదికి ఇన్ని రోజులు కూర్చోవాలని చెప్పలేదు. అందువల్ల ఆరు నెలల గడువు తప్పకుండా ఒక్కపూట కూర్చుని లేచినా నియమం నెరవేరినట్టే. బడ్జెట్ సమావేశాల్లో శాఖల వారీగా పద్దులు వస్తాయి. కేటాయించిన రోజులు అయిపోగానే, చర్చకు రాని పద్దులన్నిటినీ కలిపి ఓటుకు పెడతారు. దాన్నే గిలటిన్ అంటారు. తాగునీళ్ల పద్దు ఆ కట్టలో పడిపోతే, ఎంత ఖర్చు చేశారు, ఎందుకు మిగిలింది అని అడిగే నోరే ఉండదు. కనీసం ఇన్ని రోజులు సభ జరగాలని నియమం పెట్టమని మనం గట్టిగా అడగాలి.

కోరం సంగతి చూడండి. అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య. మొత్తం సభ్యుల్లో పదో వంతు, లేదా పది మంది, ఏది ఎక్కువైతే అది. 119లో పదో వంతు అంటే 12 మంది. ఉమ్మడి నల్లగొండకు ఎన్ని సీట్లు? సరిగ్గా 12! దేవరకొండ నుంచి ఆలేరు దాకా మన వాళ్లు మాత్రమే వచ్చి కూర్చున్నా సభ నడుస్తుంది. పాలమూరు 14 మంది కూడా కలిస్తే 26 మంది. కృష్ణా నీళ్లు, వలసలు, ఫ్లోరైడ్ మీద వీళ్లంతా ఒక్కమాట మీద లేచి నిలబడితే ఏ మంత్రి తప్పించుకోగలరు?

మాది అధికార పక్షం, మేమెలా అడుగుతాం అంటారు. మంత్రివర్గం శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదని 2003లో చేసిన 91వ సవరణ చెబుతోంది. అంటే ముఖ్యమంత్రితో కలిపి ఎక్కువలో ఎక్కువ 18 మంది. వాళ్లందరూ శాసనసభ వాళ్లే అనుకున్నా ఇంకా 101 మంది ఉంటారు. ప్రభుత్వాన్ని అడగడం ఆ 101 మంది ఉద్యోగం. వాళ్లలో స్పీకర్ ఒక్కరికే మినహాయింపు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. ఎమ్మెల్యే ఊరికి వస్తే సీసీ రోడ్డు, బదిలీ, సిఫారసు లేఖ అడుగుతాం. పెళ్లికి రాలేదని అలుగుతాం. గత సమావేశాల్లో మీరు ఏ ప్రశ్న వేశారు సార్ అని ఎవరమైనా అడిగామా? 1952లో ఇదే జిల్లా రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపింది. అదే ఏడాది ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారిని హైదరాబాద్ శాసనసభకు పంపింది. ఆ ఓటర్ల మనవళ్లం మనం.

విద్యార్థులకు ఒక పని అప్పజెప్పి దిగిపోతాను. మీలో ఉమ్మడి జిల్లా 12 నియోజకవర్గాల వాళ్లూ ఉన్నారు. ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు ముందుకు రండి. సమావేశాలు జరిగే రోజుల్లో మీ ఎమ్మెల్యే వేసిన ప్రశ్న, వచ్చిన జవాబు తెల్లకాగితం మీద రాసి లైబ్రరీ నోటీసు బోర్డుకు అంటించండి. ఏమీ అడగకపోతే తేదీ వేసి "ఈ రోజు ప్రశ్న లేదు" అని రాయండి. బోర్డులో చోటు ఇస్తానని ప్రిన్సిపాల్ గారు ఇందాక టీ తాగుతూ మాట ఇచ్చారు. పేర్లు రాసుకోవడానికి ముందు వరుస నుంచి కాగితం పంపుతున్నాను. మునుగోడు వాళ్లు మొదట రాయండి.