సన్నని సెగ మీద పోర్క్ చాప్స్

శ్రోతలకు నమస్కారం. ఇవాళ పోర్క్ చాప్స్ వంట గురించి మాట్లాడుకుందాం. మన వరంగల్, హనుమకొండ, ఖాజీపేట వైపు పంది మాంసం తినే ఇళ్లు చాలానే ఉన్నాయి, కానీ మటన్ గురించి మాట్లాడినంత ధైర్యంగా నలుగురిలో దీని గురించి ఎవరూ మాట్లాడరు. నాకది నచ్చదు. తిననివాళ్లను గౌరవిద్దాం, తినేవాళ్లం మాత్రం బాగా వండుకుందాం.

చాలామంది చెప్పే ఫిర్యాదు ఒక్కటే: ముక్క గట్టిపడింది, పీచుపీచుగా ఉంది, నమల్లేకపోయాం. దీనికి కారణం సగం కొట్లోనే ఉంటుంది. నడుము దగ్గరి చాప్స్‌లో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే ఎండిపోతాయి. మగ్గబెట్టడానికి కావలసింది భుజం దగ్గరిది, బొక్కతో, కొవ్వు అంచుతో. కొట్లో చెప్పకపోతే కూరముక్కలు కొట్టేస్తారు, అందుకే ముందే చెప్పండి: "అన్నా, చిన్నగ కొట్టకు, బొక్కతోనే అంగుళం మందాన కొయ్యి." ఈ ఒక్కమాట మర్చిపోతే మిగతాదంతా చేసినా చాప్స్ రావు.

నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఖాజీపేట రైల్వే కాలనీలో మా పక్కింటి ఆంటీది. క్రిస్మస్‌కి ఆమె ఇంట్లో ఇది తప్పనిసరి. ముందు ముక్కల్ని కడిగి, గుడ్డతో తడి లేకుండా అద్దేది, ఎందుకంటే తడి ముక్క నూనెలో ఉడుకుతుంది తప్ప ఎర్రబడదు. కొవ్వు అంచు మీద కత్తితో రెండుమూడు గాట్లు పెట్టేది, లేకపోతే వేడికి ఆ అంచు ముడుచుకుని ముక్క మొత్తం లేచి వంగిపోతుంది, అడుగు అంటదు. ఉప్పు, పసుపు పట్టించి, మందపాటి గంజులో రెండు చెంచాల పల్లినూనె బాగా కాగాక ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టి, కదపకుండా వదిలేసేది. గంటె పట్టుకుని కదపడమే మన అలవాటు కదా, అక్కడ కదపకూడదు. ఒకవైపు గోధుమరంగు వచ్చాక తిప్పి, రెండోవైపు కూడా అలాగే వచ్చాక తీసి పక్కన పెట్టేది.

అదే గంజులో, అదే కొవ్వులో ఉల్లిగడ్డలు గోలించి, అల్లం ఎల్లిగడ్డ నూరినది, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, కారం వేసేది. కారం చపాటా మిర్చిది. 2025లో మన వరంగల్ చపాటాకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ మిర్చికి ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ, అందుకని ధైర్యంగా వేసుకోవచ్చు. తర్వాత కొంచెం నీళ్లు పోసి, అడుగున అంటుకున్న ఎర్రటి పొరనంతా గంటెతో గీకి కలిపేది. రుచంతా అందులోనే ఉంది. ముక్కలు మళ్లీ పెట్టి, నీళ్లు ముక్కల్లో సగం వరకే ఉండాలి, మునగకూడదు. మునిగితే అది పులుసు, మగ్గబెట్టడం కాదు.

ఇక మూత. ఆంటీ గంజు మీద లోతున్న కంచం మూతపెట్టి, అందులో చల్లటి నీళ్లు పోసేది. లోపలి ఆవిరి చల్లటి కంచానికి తగిలి మళ్లీ నీటిచుక్కలై ముక్కల మీద పడుతుంది, గంజులో నీళ్లు తగ్గితే కంచంలోని వేడినీళ్లే అందులో పోసుకోవచ్చు. మంట సన్నగా, ఇంకా సన్నగా. అప్పుడప్పుడు ఒక బుడగ పైకి రావాలి, అంతే. "మూత తియ్యకు బిడ్డా, అది దాని పని చేసుకుంటది," అనేది ఆమె. గంటన్నర నుంచి రెండు గంటలు. చివరి అరగంటలో పుంటికూర వేసేది, ఆ పులుపు కొవ్వుని భలే పట్టుకుంటుంది.

ఇంతసేపు ఎందుకంటే, భుజం మాంసంలో కొలాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. 70 డిగ్రీలు దాటాక అది నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది, దానికి కావలసింది టైమ్, పెద్ద మంట కాదు. పెద్ద మంట పెడితే ఆ కరగడం పూర్తయ్యేలోపే కండ ముడుచుకుని నీరంతా బయటికి వదిలేస్తుంది. కుక్కర్‌లో నాలుగు విజిల్స్‌కి మెత్తబడుతుంది, కాదనను, కానీ రుచి మాత్రం ముక్కలో కాకుండా నీళ్లలో మిగులుతుంది, నా మటుకు నాకు అది సరిపడదు.

సన్నని సెగ అంటే పచ్చిగా ఉంటుందేమోనని కొందరికి టెన్షన్. అవసరం లేదు. చాప్స్ లాంటి ముక్కకి లోపల 63 డిగ్రీలు వచ్చి, మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, మన గంజు దాన్ని ఎప్పుడో దాటిపోతుంది. జాగ్రత్త పడాల్సింది కొనేటప్పుడు. కండలో బియ్యపుగింజల్లాంటి తెల్లటి బుడిపెలు కనిపిస్తే ఆ మాంసం తీసుకోకండి, అవి బద్దెపురుగు తిత్తులు. సరిగ్గా ఉడకని మాంసంతో ఆ పురుగు కడుపులోకి చేరుతుంది, దాని గుడ్లు మురికి చేతుల వల్లో, కడగని ఆకుకూరల వల్లో లోపలికి పోతే మెదడు దాకా పోయి ఫిట్స్ తెప్పిస్తాయి. కాబట్టి శుభ్రమైన కొట్టు, కడిగిన చేతులు, కడిగిన పుంటికూర.

అయిందో లేదో చూడడానికి ముక్కలో ఫోర్క్ గుచ్చి తిప్పండి. ఎదురు లేకుండా తిరిగిందంటే దింపేయండి. దించగానే వడ్డించకుండా పది నిమిషాలు మూతతోనే ఉంచి, పైన తేలిన కొవ్వు గరిటెతో తీసి గిన్నెలో పెట్టుకోండి, మర్నాడు ఆలుగడ్డ వేపుడుకి నూనె అక్కర్లేదు.