ట్రైలర్ కిందికి బండి సూటిగా వెనక్కి: రివర్స్ వేయకముందే సగం పని

యాంకర్: అన్నా, ఇవాళ ఒక్కటే పని. యార్డులో లోడుతో ట్రైలర్ నిలబడి ఉంది. ఇంజన్ బండిని సూటిగా వెనక్కి తెచ్చి తగిలించాలి. ఎక్కడ మొదలుపెడదాం?

ట్రైనర్: రివర్స్ గేరు వేయకముందే, తమ్ముడూ. చాలామంది ట్రైలర్ ముందుకి అడ్డంగా వచ్చి, అక్కడే తిప్పి వెనక్కి పెడతారు. అక్కడే చెడుతుంది. ట్రైలర్ నడిమధ్య నుంచి నేల మీద ఒక గీత ఉందనుకో. దాని మీదే రెండు బండ్ల పొడవు ముందుకి పోవాలి. చివర్లో ఒక బండి పొడవు స్టీరింగ్ కదపకుండా పోయి ఆగు. ఆగాక తల బయటపెట్టి ముందు టైరు చూడు. స్టీరింగ్ నేరుగానే ఉన్నట్టుంటుంది, టైరు కొద్దిగా పక్కకి చూస్తుంటుంది.

యాంకర్: కొంచెం వంకరే కదా, వస్తూ సర్దుకోలేమా?

ట్రైనర్: ఒక్క డిగ్రీ వంకరతో 10 మీటర్లు వస్తే పక్కకి దాదాపు 17 సెంటీమీటర్లు జరుగుతావు. ట్రైలర్ ముందు భాగం కింద ఉండే ఇనుప పిన్ను, అదే కింగ్ పిన్, దాని లావేమో మామూలు రకంలో 2 అంగుళాలు. ఆ పిన్నుని పట్టుకునే, ఇంజన్ బండి మీది ఇనుప ప్లేటు ఫిఫ్త్ వీల్. దాని నోరు వెనక వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిన్న తేడాని అదే సర్దుతుంది. దాన్నే నమ్ముకుంటే మాత్రం పిన్ను అంచుకి గుద్దుకుంటుంది. ఏటవాలుగా దూరితే ఇంకా ప్రమాదం, ట్రైలర్ పక్కకి నెట్టుకుపోయి, దాన్ని ముందువైపు నిలబెట్టే ఇనుప కాళ్లు వంగిపోతాయి, విరుగుతాయి కూడా.

యాంకర్: అద్దాల్లో బండి అంచుకీ ట్రైలర్ అంచుకీ మధ్య సందు రెండు వైపులా సమానంగా కనబడితే చాలంటారు.

ట్రైనర్: అది సగం నిజం. డ్రైవర్ వైపు అద్దం కంటికి దగ్గర, అవతలిది దూరం. అందుకే నిజంగా సమానంగా ఉన్నా అవతలి సందు చిన్నగా కనబడుతుంది. ఒకవైపు చదును అద్దం, ఇంకోవైపు ఉబ్బెత్తు అద్దం చూశావంటే మోసం రెట్టింపు. సందు కొలవకు, గీతలు చూడు. బండి వెనక టైరు బయటి అంచు, ట్రైలర్ పక్క అంచు ఒకే వరసలో, ఒకదాని వెంట ఒకటి నడవాలి. కొత్తవాళ్లు ట్రైలర్ పక్క అంచు నుంచి ముందుకి నేల మీద సుద్దముక్కతో గీత గీసుకుంటే ఇంకా మంచిది.

యాంకర్: పక్కకి పోతున్నట్టు కనబడితే ఎటు తిప్పాలి?

ట్రైనర్: ఏ అద్దంలో ట్రైలర్ ఎక్కువ కనబడుతుందో అటే. కుడివైపు ఎక్కువ కనబడిందంటే నువ్వు ఎడమకి ఉన్నావు, కుడికి తిప్పితే బండి వెనక భాగం కుడికి వస్తుంది. తమాషా ఏమిటంటే, తగిలించాక ట్రైలర్‌తో వెనక్కి వెళ్లేటప్పుడూ ఇదే మాట. ట్రైలర్ కుడి అద్దంలోకి వస్తే కుడికే తిప్పాలి. కారణం మాత్రం వేరు: అప్పుడు ట్రైలర్ ముక్కు కుడికి జరిగి తోక ఎడమకి మళ్లుతుంది.

యాంకర్: ఎంత తిప్పాలి?

ట్రైనర్: పావు చుట్టు లోపే. పెద్ద బండి స్టీరింగ్ పావు చుట్టు తిప్పినా టైరు నాలుగైదు డిగ్రీలే తిరుగుతుంది. ఆక్సిలరేటర్ ముట్టుకోకుండా, కింది గేరులో ఐడిల్ మీదే రావాలి. తిప్పినదాన్ని అంతే వెనక్కి తేవడం మర్చిపోతారు. అక్కడి నుంచి బండి పాములా ఊగుతుంది. మూడోసారి సర్దాల్సి వచ్చిందా, ఆపేసి ముందుకి పో. సమాంతరంగా ఉండి పక్కకి జరిగి ఉన్నా అంతే, ఆఖరి మీటరులో అది సర్దుకోదు.

యాంకర్: దగ్గరికి వచ్చాక?

ట్రైనర్: మీటరు దూరంలో ఆగి, హ్యాండ్ బ్రేక్ వేసి దిగు. ట్రైలర్ బ్రేకులు పట్టి ఉన్నాయా, టైర్లకి దిమ్మలు పెట్టారా చూడు. తర్వాత ఎత్తు. ఫిఫ్త్ వీల్ ప్లేటు తాకి ట్రైలర్‌ని కాస్త పైకి లేపాలి, ట్రైలర్ అంత కిందగా ఉండాలి. ట్రైలర్ మరీ కిందుంటే దాని ముక్కుకి గుద్దుకుంటావు. మరీ పైనుంటే పిన్ను ఫిఫ్త్ వీల్ దవడల (పిన్నుని పట్టే భాగాల) మీదుగా జారి, ట్రైలర్ వచ్చి బండి క్యాబిన్‌ దాకా చేరుతుంది. కాళ్ల హ్యాండిల్ తిప్పి సరిచెయ్యి. సాయానికి మనిషి ఉంటే డ్రైవర్ వైపు అద్దంలో కనబడేలా నిలబడాలి, బండికీ ట్రైలర్‌కీ మధ్యకి ఎప్పుడూ రాకూడదు. అద్దంలోంచి మాయమైతే వెంటనే ఆపు.

యాంకర్: టక్కుమని చప్పుడొస్తే తగులుకున్నట్టేనా?

ట్రైనర్: కాదు. ట్రైలర్ బ్రేకులు పట్టి ఉండగానే కింది గేరులో మెల్లగా ముందుకి లాగు. కదలకపోతే సంతోషం, కానీ అక్కడితో సరిపెట్టకు. పిన్ను సరిగా కూర్చోకపోయినా ఒక్కోసారి ఆ లాగుడికి ఆగుతుంది. టార్చి పట్టుకుని వెనకనుంచి చూడు. దవడలు పిన్ను సన్నని మెడని చుట్టుకోవాలి, కింది తలని కాదు. ఫిఫ్త్ వీల్ ప్లేటుకీ ట్రైలర్ అడుగు ప్లేటుకీ మధ్య వెలుతురు కనబడకూడదు. లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి. ఇవన్నీ చూశాకే కాళ్లు ఎత్తు.