బార్లో కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రా బోల్డ్ ఇటాలిక్ ఫాంటు రివ్యూ: ఇంగ్లీషు వాలవచ్చు, తెలుగును వాల్చకండి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ట్రావెల్స్ బస్సుల పక్కల మీద, క్రికెట్ టోర్నమెంటు ఫ్లెక్సీల మీద, కుడివైపుకు వాలి ఇరుకిరుకుగా, దిట్టంగా కనిపించే ఇంగ్లీషు అక్షరాలను మీరు చూసే ఉంటారు. ఆ కోవకు చెందిన బార్లో కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రా బోల్డ్ ఇటాలిక్ అనే ఫాంటును ఈ వీడియోలో పరిశీలిద్దాం.

జెరెమీ ట్రిబీ రూపొందించిన బార్లో 2017లో వచ్చింది. మూడు వెడల్పులు, తొమ్మిది మందాలు, ప్రతిదానికీ నిటారు రూపం, వాలు రూపం కలిపి మొత్తం 54 ఫాంట్లు. కాలిఫోర్నియా కార్ల నంబరు ప్లేట్లు, హైవే బోర్డులు, బస్సులు, రైళ్ల మీది అక్షరాల పోలికలు ఇందులో ఉన్నందువల్ల, మన బస్సుల మీద కూడా ఇది ఎబ్బెట్టుగా అనిపించదు. పైగా ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితం. వ్యాపార పనులకూ వాడుకోవచ్చు.

ఇప్పుడు తెర మీద ఇంగ్లీషు పెద్దక్షరాలలో ఉన్న ‘తిరుపతి’ని చూడండి. ‘ఎ’ అక్షరంలో కుడి కాలు దాదాపు నిటారుగా నిలబడగా, వాలు భారమంతా ఎడమ కాలి మీదే పడింది. ఆ ఒక్క అక్షరం వల్లనే పదమంతా ముందుకు కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఇరుకు వల్ల పొడవైన ఊరి పేరు కూడా పెద్ద సైజులో పడుతుంది, మందం వల్ల దూరం నుంచి కంటికి ఆనుతుంది. అయితే అక్షరాల లోపలి ఖాళీలు సన్నబడతాయి కనుక ఫోను నంబర్లకు, చిరునామాలకు దీనిని వాడవద్దని నా గట్టి అభిప్రాయం.

1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు చిన్న పుస్తకాల కోసం ఇటాలిక్ అచ్చును వాడినప్పుడు, అది చేతిరాతను అనుసరించిన సన్నని అక్షరం. వాలుకు వేగమనే అర్థం తరువాతి కాలం ఇచ్చినదే. అందుకే ట్రావెల్స్‌కు, కబడ్డీ జెర్సీలకు, వీడియో థంబ్‌నెయిల్‌కు ఇది చక్కగా నప్పుతుంది. గంగమ్మ జాతర ఆహ్వానానికి, ఆసుపత్రి బోర్డుకు నప్పదు.

అసలు చిక్కు తెలుగు దగ్గర వస్తుంది. బార్లోలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి, చాలామంది ఏదో ఒక బోల్డ్ తెలుగు ఫాంటును తీసుకొని సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా వాలుస్తారు. ‘వేంకటేశ్వర ట్రావెల్స్’ అనే పేరును అలా వాల్చి చూపిస్తున్నాను. అక్షరాలు నిలబడే అడుగు గీత దగ్గర నుంచి వాలు మొదలవుతుంది కనుక, పైనున్న తలకట్లు, ఏత్వాలు కుడికి జరిగితే, కింద ఉన్న వ వత్తు ఎడమకు జారి, శ కింద తన చోటు తప్పింది. గుండ్రని భాగాలలో పైన కుడివైపు, కింద ఎడమవైపు గీత లావెక్కి, మిగిలిన రెండు మూలల్లో పలచబడింది. మన అక్షరాలకు గుండ్రదనమే ప్రాణం కనుక ఈ వికారం ఇంగ్లీషు కంటే తెలుగులో ఎక్కువగా కనిపిస్తుంది. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు నొచ్చుకుంటుంది.

అందువల్ల ముంబైకి చెందిన ఏక్ టైప్ వారి అనేక్ తెలుగు ఫాంటును తీసుకోండి. అందులో మందాన్నీ వెడల్పునూ మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇరుకైన ఎక్స్‌ట్రా బోల్డ్ రూపాన్ని నిటారుగానే ఉంచి, బార్లో వాలును పక్కనే ఇంగ్లీషు పేరుకు మాత్రమే ఇవ్వండి. వత్తులకు చోటు చాలాలంటే రెండు వరుసల నడుమ కాస్త ఎక్కువ ఖాళీ వదలాలి. ఫైలును ఫ్లెక్సీ షాపుకు ఇచ్చే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా మార్చండి. లేకపోతే అక్కడి కంప్యూటరులో ఈ ఫాంట్లు లేనప్పుడు వేరే అక్షరాలు వచ్చి కూర్చుంటాయి.