టెలిప్రింటర్ నుంచి లండన్ హైకమిషన్ దాకా: కుల్‌దీప్ నయ్యర్

హోస్ట్: నమస్తే సార్. ఈ వారం కుల్‌దీప్ నయ్యర్ గురించి మాట్లాడదామన్నారు. విలేకరి, మంత్రుల ప్రెస్ అధికారి, లండన్‌లో హైకమిషనర్, రాజ్యసభ సభ్యుడు. ఒక్క మనిషి ఇన్ని చోట్ల ఎలా ఇమిడారు?

అతిథి: నమస్తే అమ్మా. పుట్టింది 1923లో, ఇప్పటి పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్‌లో. దేశ విభజనతో ఇల్లూ వాకిలీ వదిలి ఢిల్లీ చేరారు. మొదటి ఉద్యోగం ‘అంజామ్’ అనే ఉర్దూ పత్రికలో. అమెరికాలో జర్నలిజం చదివొచ్చాక ప్రభుత్వ సమాచార శాఖలో చేరి, హోం మంత్రులు గోవింద్ వల్లభ్ పంత్, లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ప్రెస్ వ్యవహారాలు చూశారు. మంత్రిగారి మాట మర్నాడు పేపర్లో ఎలా పడుతుందో చూసుకోవడమే పని. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

హోస్ట్: 1964లోనా?

అతిథి: అవును. అప్పటికి యూఎన్ఐ వార్తా సంస్థకు మారారు. మే 27న నెహ్రూ పోయారు. ప్రధాని పదవికి మొరార్జీ దేశాయ్ బరిలోకి దిగారని నయ్యర్ వార్త ఇచ్చారు. శాస్త్రి పేరూ ఉంది గానీ, ఆయన నోరు విప్పడం లేదని అందులోనే రాశారు. చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది? చితి ఆరకముందే ఈయనకి కుర్చీ తొందరేమిటి అని!

హోస్ట్: వార్త అబద్ధం కాదుగా సార్?

అతిథి: కాదమ్మా. కానీ రాసినాయన మొన్నటిదాకా శాస్త్రి దగ్గర పనిచేసినవారు. తర్వాత పార్లమెంటు మెట్ల దగ్గర, శాస్త్రి వైపు మొగ్గిన కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ నయ్యర్ చెవిలో ‘థాంక్యూ’ అన్నారట. ఇది నయ్యర్ తానే రాసుకున్నారు. శాస్త్రికి మేలు చేద్దామని ఆ వార్త ఇవ్వలేదన్నారు, నేను నమ్ముతాను. అయినా ఆ ‘థాంక్యూ’ దగ్గరకొచ్చేసరికి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. డెస్క్‌లో పనిచేసిన రోజుల్లో ఏ నాయకుడైనా నా కాపీని మెచ్చుకుంటే టెన్షన్ పట్టుకునేది. మళ్లీ మొదటి లైను నుంచి చదువుకునేవాణ్ణి.

హోస్ట్: తాష్కెంట్‌లో కూడా ఆయన ఉన్నారు కదా?

అతిథి: ఉన్నారు. అప్పటికి శాస్త్రి ప్రధాని. 1966 జనవరి 10న అక్కడ పాకిస్థాన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ రాత్రే ఎవరో తలుపు కొట్టి, మీ ప్రధాని చనిపోతున్నారని చెప్పారు. పరుగున వెళ్లారు. పెద్ద గది, పెద్ద మంచం, దాని మీద చిన్నగా శాస్త్రి. చెప్పులు కార్పెట్ మీద పొందిగ్గా ఉన్నాయట. పక్కన టేబుల్ మీద ఫ్లాస్కు పడిపోయి ఉంది. అది చూసి ఢిల్లీలో యూఎన్ఐ ఆఫీసుకి ఫోన్ చేసి ఫ్లాష్, అంటే అత్యవసర వార్త, ఇవ్వమంటే, నైట్ డ్యూటీ అతను నమ్మలేదు. సాయంత్రం శాస్త్రి మాట్లాడిన వార్త అప్పుడే పంపానన్నాడు. టైమ్ వృథా చేయకు, వెంటనే పంపు అన్నారు నయ్యర్. కావలసిన మనిషి పోయాడన్న దుఃఖాన్ని గొంతులోనే ఆపుకుని ఆ మాట చెప్పి ఉంటారు.

హోస్ట్: మరి లండన్?

అతిథి: 1990లో వీపీ సింగ్ ప్రభుత్వం పంపింది. నెలల్లోనే ముగిసింది. అంతకుముందు ఎమర్జెన్సీలో జైలుకీ వెళ్లొచ్చారు. దౌత్యమంటే నాకు మాత్రం లండన్ కన్నా వాఘా గుర్తొస్తుంది. ఆగస్టు 14 రాత్రి సరిహద్దు గేటు దగ్గర రెండు దేశాల స్నేహం కోసం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడేవారు, అవతల సియాల్‌కోట్ ఉన్న వైపు చూస్తూ. ఆయన పుట్టినరోజు కూడా ఆగస్టు 14నే.